తెల్లనూలు సాక్ష్యం

1960లలో నారాయణపేటలోని మా అద్దకం షెడ్డు నీళ్లు దిగువనున్న కుంటలోకి పోయేవి. నూలుకు నల్లరంగు వేసిన రోజున వాటికి కుళ్లిన గుడ్ల వాసన. ఎండాకాలం గొర్లకు ఆ కుంటే దిక్కు. మంద మూతి పెట్టకుండానే వెనక్కు మళ్లుతోందని వాటిని కాసే ఆమె వచ్చి మొరపెట్టుకుంది. ఏదో ఒకటి చూడమని సేటు నాకు చెప్పాడు. నేను రంగులు తూచేవాణ్ణి. పుస్తకాలు చూసి నేర్చుకున్న రసాయనం తప్ప నాకు వేరే చదువు లేదు.

మూడు కుండల్లో ఒకే కొలత మురుగునీళ్లు పోశాను. మొదటిదాన్ని చెంబుతో ఎత్తిపోస్తూ గాలి తగలనిచ్చాను. వాసన సగం తగ్గేసరికి పొద్దు వాలింది. రెండోదాంట్లో బ్లీచింగ్ పొడి కలిపితే రంగూ వాసనా చప్పున పోయాయి, పొడి ఘాటు మిగిలింది. మూడోదాంట్లో బావుల్లో వేసే పర్మాంగనేటు ఊదా పలుకులు కరిగించి, ఊదా రంగు నిలిచే లోపల ఆపాను. గోధుమరంగు మడ్డి పేరింది. దాన్ని ఇసుకలో వడగడితే నీళ్లు తేటగా దిగుతాయి. కాకపోతే పలుకులు ఖరీదు. ముందు గాలి, మిగిలినదానికి పలుకులు అయితే ఖర్చు తగ్గుతుందని నా లెక్క.

అద్దకంలో పెద్దాయన వడగట్టేదాకా ఆగలేదు. కడుగునీళ్లు చూడటానికి మా దగ్గర ఒకటే పద్ధతి, తెల్లనూలు చుట్టను, అంటే లడిని, ముంచడం. మరక అంటకపోతే నీళ్లు మంచివి. నా పలుకుల కుండలో ముంచిన నూలుకు గోధుమ మరక అంటింది. బ్లీచింగ్ కుండలోది ముందుకంటే తెల్లబడి వచ్చింది.

"ఇది మంచిగున్నది. నీ నీళ్లల్ల ఇంకో రంగు పుట్టింది గదా," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

తెలుపు చేసే పొడిని తెల్లనూలు ఎట్లా పట్టిస్తుందని అడిగాను. రంగు నూలు ముంచి చూడమన్నాను.

"అమ్ముకునే నూలును ఎవడన్న పాడు జేసుకుంటడా?"

సేటు కూడా నూలునే నమ్మాడు. కాలువలో బ్లీచింగ్ పొడి పడింది, కుంట తేటబడింది. గొర్లు మాత్రం వాసన చూసి తుమ్మి పక్కకు జరిగాయి. గొర్లు కాసే ఆమె మళ్లీ వచ్చింది. పెద్దాయన ఆ తెల్లని లడిని ఎత్తి చూపించాడు.

"గొర్లకు నూలు తెల్వదు పెద్దయ్యా, ముక్కు తెలుసు," అని ఆమె మందను కృష్ణా నది దిక్కు తోలుకుపోయింది.

ఆమె అట్లా పోగానే, పొడి సరిపోలేదేమో, ఇంకో డబ్బా వేయమన్నాడు పెద్దాయన.