అప్పగింతల క్యాసెట్

మా అక్క పెళ్లి తీయడానికి నల్గొండ నుంచి మోత్కూరుకు వచ్చిన ఆ వీడియో ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట: "కథ ఉండాలె." పెళ్లిలో కథ లేదని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. అప్పగింతలప్పుడు బాపు అక్కను పట్టుకుని బోరున ఏడ్చాడు. బాపు ఏడవగా మేము చూడటం అదే మొదటిసారి. ఆ మహానుభావుడు మాత్రం అప్పుడు పందిరి గుంజకు వేలాడుతున్న వాడిపోయిన బంతిపూల దండను కెమెరాలో తీస్తూ నిలబడ్డాడు. అది ఆడపిల్ల బతుక్కు గుర్తట! తీరా ఇటు తిరిగి, "జర ఇంకోసారి ఏడువుండ్రి," అన్నాడు.

"ఏడుపు అయిపోయింది. నువ్వు పక్కకు జరుగు," అని అక్క జీపెక్కింది.

నెల తర్వాత క్యాసెట్ వేసి చూస్తే, అప్పగింతల దగ్గర ఎవరో తండ్రి, కొంగులో ముఖం దాచుకున్న ఎవరో పిల్ల, విషాద సంగీతం నడుమ మెల్లమెల్లగా ఏడుస్తున్నారు. వేరే పెళ్లిలోది తెచ్చి అతికించాడు. నల్గొండలో ఆయన దుకాణానికి పోయి నిలదీశాను.

"ఏడుపు ఏడుపే గద తమ్మీ. కథకు కుదిరిందా లేదా?" అన్నాడు, సిగ్గులేకుండా.

ఇంటికి వచ్చేసరికి బాపు ఆ ముక్కే మళ్లీ చూస్తున్నాడు. "పాపం, ఎవరి బిడ్డనో," అని కండ్లు తుడుచుకున్నాడు.