అమ్మ పేరున వచ్చిన ఊటీ

నందిగాం హైస్కూల్లో సోషల్ చెప్పే రమణమూర్తి మాస్టారిని ఎవరైనా వేలెత్తి చూపిస్తే ఆ పూట ఆయనకు అన్నం సయించదు. ఆటోవాడు పొరపాటున చిల్లర ఎక్కువిస్తే వెనకాలే పరుగెత్తి ఇచ్చి వస్తాడు. ఇచ్చి వచ్చిన సంగతి స్టాఫ్‌రూమ్‌లో మూడు రోజులు చెప్తాడు, అది వేరే విషయం. పలాసలో సొంతిల్లు, భార్య హేమ, పదో తరగతి చదివే కూతురు నీలిమ, డెబ్బై దాటిన తల్లి అప్పలనరసమ్మ. ఆవిడ ఇప్పటికీ జీడితోటకు వెళ్ళి పిక్కలేరడానికి వంగిందంటే కూలీలే వెనకబడాలి.

ఆ ఇంటికున్న లోటల్లా ఒక్కటే. ఎక్కడికీ వెళ్ళరు. సెలవులిచ్చారంటే చాలు, తోటి టీచర్లు కేరళ అని, మైసూరు అని ఫోటోలు పంపుతారు. హేమ అవన్నీ ఒక్కొక్కటే భర్తకు చూపించి, “మనం రైలెక్కామంటే పెళ్ళికైనా అవ్వాలి, చావుకైనా అవ్వాలి” అని నిట్టూర్చేది. మాస్టారికి చురుక్కుమనేది. చురుక్కుమంటే మాత్రం ఏం చేస్తాడు, ఇంటి లోను ఇంకా ఐదేళ్ళుంది.

కిందటి జూలైలో ఆయన కాశీబుగ్గలో బాబ్జీ దగ్గరికి వెళ్ళాడు. టీచర్లందరి పన్ను లెక్కలూ కంప్యూటర్లో ఎక్కించేది ఈ బాబ్జీయే. నోట్లో వక్కపొడి, వేళ్ళు కీబోర్డు మీద, చూపు మాత్రం రోడ్డు మీద.

“మాస్టారూ, మీది ఉద్దానమే కదండీ?”

“అవును.”

“మరింట్లో కిడ్నీ ఎవరికి?”

ఉందా అని కాదు, ఎవరికి అని. మా వైపు అలాగే అడుగుతారు. ఊళ్ళకు ఊళ్ళే ఆ జబ్బుతో మంచం పట్టాక ఇంకెలా అడుగుతారు!

“ఇప్పుడెవరికీ లేదు బాబ్జీ. నాన్నగారికుండేది. పోయి ఇరవయ్యేళ్ళయింది.”

“పోయినోళ్ళకి రాదండి. అమ్మగారున్నారు కదా, అమ్మగారి పేరు ఎట్టేద్దాం. పెద్దవాళ్ళకి అలాంటి జబ్బుకి ఖర్చు పెట్టినామంటే ఆ ఖర్చు మీద పన్నుండదు. జీతంలో కోసేసింది తిరిగొచ్చేత్తాది. ఉద్దానం మనిషికి కిడ్నీ జబ్బంటే కాదనీవోడు ఎవుడండీ?”

ఛీ, వద్దు అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ తీరా నోరు తెరిచేసరికి “ఎంతొస్తుందేంటి?” అన్నాడు. అక్కడే పోయింది ఆయన పరువు, ఆయనకింకా తెలియలేదంతే.

ముప్పై ఒక్క వేలు వచ్చింది. దసరా సెలవుల్లో నలుగురూ ఊటీ వెళ్ళారు.

అప్పలనరసమ్మ సంబరం చూడాలి. మంకీ క్యాప్ పెట్టుకుని, దాని మీద కొంగు కప్పుకుని, పడవెక్కింది. టీ తోటల్లో ఆకు కోసే ఆడవాళ్ళతో భాష రాకపోయినా అరగంట మాట్లాడింది. చలికి వణుకుతూ కొడుకు చెయ్యి పట్టుకుని, “నీ పున్నెమాని ఇంత లోకం సూసినాను రా రవణా. మీ నాయిన కడుపున పుట్టినందుకు నన్ను బాగా సూసినావు” అంది. రమణమూర్తి అమ్మ ముఖం వైపు చూడలేకపోయాడు. పువ్వులు బాగున్నాయని ఏదో అని తప్పించుకున్నాడు. ఆ మాత్రం సిగ్గు అప్పటికే పుట్టిందన్నమాట. పుట్టి ఏం లాభం, రాత్రికి హోటల్లో కడుపునిండా తినేసరికి సర్దుకుంది.

డిసెంబరులో ఇన్‌కమ్ టాక్సువాళ్ళ నుంచి ఫోనుకు మెసేజ్ వచ్చింది. మీరు చూపించిన జబ్బు ఖర్చు సరైనదేనా, కాకపోతే నెలాఖరులోగా సరిదిద్దుకోండి అని. చదవగానే మాస్టారు కాశీబుగ్గ పరుగెత్తాడు. బాబ్జీ మాత్రం చీమ కుట్టినట్టయినా లేడు. “ఏదో ఒక డాక్టరు కాయితం తెచ్చీండి, సూసుకుందాం” అన్నాడు. తేవాలా, డబ్బు కట్టేయాలా అని మాస్టారు ఎటూ తేల్చుకోలేక నాలుగు రోజులు నానబెట్టాడు.

ఆదివారం పొద్దున ఆయన స్నానానికి వెళ్తే ఫోను మోగింది. హేమ డాబా మీద బట్టలారేస్తోంది. అప్పలనరసమ్మ ఫోను తీసింది. ఆడగొంతు వినగానే బాబ్జీ హేమే అనుకున్నాడు. “అమ్మా, మీ అత్తగారి కిడ్నీ కాయితాలు మాస్టారికి గుర్తు చెయ్యండి, రోజుల్లేవు” అన్నాడు. రోజుల్లేవట! ఆ పెద్దావిడ “అలాగే బావూ” అని ఫోను పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణముంది. రమణమూర్తి తండ్రికి జబ్బు ముదిరి, ఇక రక్తం కడిగించుకోవడం మొదలుపెడితే ఊరు కదలడానికుండదని తెలిసినప్పుడు, ఆ ఇంట్లోవాళ్ళు ఆయన్ని సింహాచలం, అన్నవరం తిప్పుకొచ్చారు. ఆయనకు మాత్రం నిజం చెప్పలేదు. గ్యాసు అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది అప్పలనరసమ్మే. అందుకే ఇప్పుడు ఆవిడకు ఎవరూ ఏమీ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. ఎన్నడూ ఇల్లు కదలని కొడుకు అంత ఖర్చు పెట్టి ఊటీ ఎందుకు తీసుకెళ్ళాడో ఆవిడకు తెలిసిపోయింది.

మర్నాటి నుంచి పప్పు మానేసింది. మజ్జిగలో ఉప్పు వద్దంది. తోట నుంచి కొబ్బరిబోండాలొస్తే ముట్టుకోలేదు. నీళ్ళు గ్లాసుతో కొలుచుకుని తాగుతోంది. మాస్టారు చూశాడు. పెద్దతనం, చలికాలం అనుకున్నాడు. వారం తిరక్కుండా, “మా సెల్లి దమయంతింటికెల్లి నాలుగు దినాలుంతాను” అని చీరలు సర్దుకుంటే బస్సెక్కించి వచ్చాడు కూడా.

రెండోనాడు పిన్ని దమయంతి ఫోను చేసి ఏడుపు. “అప్పకి అంత రోగమొచ్చినాదని మాకు సెప్పకుండా దాసేత్తావురా? కిడ్నీ కాయితాలకి రోజుల్లేవని నీ ఫోన్లో ఎవుడో సెప్పినాడంట. మేం సచ్చిపోనామనుకున్నావా? సీరలన్నీ నాకిచ్చేత్తంది. సెవుల దుద్దులు నీలిమకిమ్మని తీసి నా సేతిలో ఎట్టింది!”

మాస్టారు అప్పటికప్పుడు బడికి సెలవు పెట్టేసి బండి తీశాడు. సుమ్మాదేవి దాటి సముద్రం వైపు లోపలికి పోవాలి పిన్ని వాళ్ళ ఊరు. దారి పొడవునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాడు. నిజం మాత్రం అందులో లేదు.

ఇంటి ముందు రేకుల పందిట్లో నులకమంచం మీద బాబాయి కూర్మయ్య పడుకుని ఉన్నాడు. ఆయనకు మూడేళ్ళ నుంచి డయాలసిస్. వారానికి మూడుసార్లు ఆటో కట్టించుకుని పలాస వచ్చి పోతాడు. చేతికి సూదులు గుచ్చి గుచ్చి నరాలు తాళ్ళలా ఉబ్బిపోయాయి. ఆ మంచం పక్కనే పీట మీద అప్పలనరసమ్మ కూర్చుని, మొదటిసారి సూది గుచ్చినప్పుడు నొప్పెంతుంటుందని అడుగుతోంది. కూర్మయ్య చీమ కుట్టినట్టేనని ధైర్యం చెప్తున్నాడు.

ఆ మాట విని రమణమూర్తి గబగబా పందిట్లోకి వచ్చాడు.

“అమ్మా, నీకేం జబ్బు లేదే! ల్యాబువాళ్ళు పేర్లు తారుమారు చేశారు. వేరే ఎవరో అప్పలనరసమ్మ.”

“మీ నాయినకీ ఇలాగే సెప్పినాం కదరా” అంది తల్లి నెమ్మదిగా. “నానే సెప్పినాను. గేసని.”

“పద, ఇప్పుడే పలాస వెళ్ళి రక్తం పరీక్ష చేయిద్దాం.”

“ఆ కాయితం సదివీది నువ్వే కదా. నాకు సదువొచ్చునా? ఏటీ నేదని సదువుతావు.” కొడుకు చెంప నిమిరింది. “నాకేటి బయిం నేదురా. ఊటీ సూపించినావు, అది సాలు. నా కోసరం అప్పులు సెయ్యకు.”

ఇక దాటెయ్యడానికి దారి లేదు. ఇన్నేళ్ళ మంచి పేరూ ఉంచుకోవాలంటే తల్లి ఉప్పు లేని అన్నం తింటూ చావుకు సిద్ధపడుతుంది. తల్లిని లేపాలంటే ఈ మంచం ముందరే నోరు విప్పాలి. పోనీ పిన్నిని లోపలికి పొమ్మంటే? బాబాయి కదల్లేడు కదా.

“నేను దొంగపని చేశానమ్మా” అన్నాడు. “నీకు కిడ్నీ జబ్బని గవర్నమెంటుకు అబద్ధం రాయించాను. అలా రాస్తే పన్ను డబ్బు తిరిగొస్తుంది. ఆ డబ్బుతోనే ఊటీ వెళ్ళాం. ఫోను చేసింది ఆ రాసినవాడే. ల్యాబూ లేదు, ఏమీ లేదు. ఒట్టు. నీలిమ మీద ఒట్టు.”

కూతురి మీద ఒట్టేశాక నమ్మింది. నమ్మిన సంగతి ముఖంలోనే తెలిసింది. బతికి బయటపడ్డానన్న వెలుగు రావాలి కదా, రాలేదు. కొడుకు చెంప మీదున్న చెయ్యి తీసేసింది.

“డబ్బు కట్టేస్తానమ్మా. రేపే కట్టేస్తాను” అన్నాడు.

దమయంతికి ఇదంతా సగమే అర్థమైంది. అప్పకు జబ్బు లేదన్నంత వరకు అర్థమై, దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టుకుంది. ఆ మీదట ఆశగా అక్క కొడుకు దగ్గరికొచ్చింది. “ఒరే రవణా, మాకు కిడ్నీ పింఛనైతే వత్తంది గానీ, ఇది దాని మీద ఇంకోటా? మీ బాబాయికి నిజంగానే ఉన్నాది కదా, కాయితాలన్నీ సంచీలో ఉన్నాయి. మాకూ రాయిత్తావేటి?”

రమణమూర్తి నేల చూపులు చూస్తూ, “ఇది జీతాలున్నవాళ్ళకే పిన్నీ. పన్ను కట్టేవాళ్ళకే” అన్నాడు.

“ఓలి, ఊరుకోవే” అన్నాడు కూర్మయ్య మంచం మీద నుంచి. మోచెయ్యి ఆనించుకుని కాస్త లేచాడు. ఆయన ముఖంలో కోపం గానీ వెటకారం గానీ లేవు, నిజంగానే నవ్వుతున్నాడు. “వదినకి రోగం నేదంట, అంతకన్నా ఏటి గావాల? నాను ఒక్క పూట ఊరు దాటడానికి నేదు గానీ, నా రోగం పేరు సెప్పుకునైనా మీరు ఊటీ సూసినారు. మంచిదేలే.”

ఆయన తిట్టినా బాగుండును. రమణమూర్తి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అప్పలనరసమ్మ పీట మీద నుంచి లేచింది. కొడుకు వైపు చూడలేదు.

“నవ్వకు కూర్మయ్యా” అంది. “ఆడి నాయిన పోయిందీ ఈ రోగంతోనే.”