బోర్డు మీద మిగిలిన బిళ్ళ

నా చిన్నప్పుడు మా సుగటూరు పిల్లలకు ఊరు చూడటమంటే కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ చూడటమే. అక్కడ కూలీల ఇళ్ళల్లో కూడా కరెంటు దీపాలు వెలుగుతాయని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. మా చిన్నమ్మను అక్కడి పేటల్లో ఒకటైన కోరమండల్‌లో గని పని చేసే ఆయనకు ఇచ్చారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, పట్టుపురుగులు గూళ్ళు కట్టేసి ఇంట్లో పని తగ్గిన సమయం చూసి, శని ఆదివారాలు ఉండి రమ్మని మా అమ్మ నన్ను అక్కడికి పంపింది.

పురుగులకు ఆకు కోసి వేయడం ఇంట్లో నా పని. బడి మొహం చూసిందాన్ని కాదు. ఆ సంగతి చిన్నమ్మకు తెలియదు. వెళ్ళిన సాయంత్రమే "ఎన్నో క్లాసే నువ్వు?" అని అడిగింది. వీధిలో పిల్లలంతా సంచులు తగిలించుకుని వస్తున్నారు. వాళ్ళను చూస్తూ "మూడు" అన్నాను.

ఆ వారం మా చిన్నాయనకు రాత్రి షిఫ్టు. శనివారం పొద్దున గని నుంచి వచ్చి, స్నానం చేసి, నిద్ర కూడా పోకుండా నన్ను ఊరు చూపించడానికి బయలుదేరదీశాడు. ఒకే గోడకు ఆనుకుని వరసగా సాగే కూలీల ఇళ్ళు దాటితే ఎర్ర పెంకుల బంగళాలు, గులాబీ చెట్లు. ఆ గేట్ల ముందు మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు గానీ చిన్నాయన నడక తొందర చేశాడు. ఆ తర్వాత బంగారం తీసేసిన రాతిపొడి పోసిన, గడ్డిపోచ మొలవని తెల్లటి సైనైడ్ దిబ్బ. గాలి అటునుంచి వీస్తే నోరు మూసుకోమన్నాడు.

చివరికి గని బావి దగ్గరికి తీసుకుపోయాడు. ఇనుప గోపురం మీద పెద్ద చక్రం తిరుగుతోంది. పక్కన ఆఫీసు గోడకు ఒక బోర్డు, దాని నిండా కొక్కేలు, కొక్కేలకు ఇత్తడి బిళ్ళలు. దిగే ప్రతి మనిషికీ నంబరు వేసిన బిళ్ళ ఒకటి ఉంటుందట. దిగేముందు ఇస్తే అక్కడ తగిలిస్తారు. పైకి వచ్చినవాడు తన బిళ్ళ తాను తీసుకుంటాడు. బోర్డు మీద బిళ్ళ ఉంటే మనిషి లోపల ఉన్నట్టు.

జేబులోంచి తన బిళ్ళ తీసి చదవమన్నాడు. ఆ నంబరు పొద్దున్నే గని రేషను అంగట్లో సరుకుల కోసం చిన్నమ్మ చెబుతుంటే విన్నాను. వేలు పెట్టి మరీ చెప్పేశాను. ఆయన మొహం ఎంత వెలిగిపోయిందో! దారి పొడవునా కనపడినవాళ్ళకంతా చెప్పాడు. పక్కింటి అక్క గుమ్మంలో కూర్చుని ఉంటే ఆమెకూ చెప్పాడు. ఆమె ఏడు నెలల గర్భిణి. మొగుడు పొద్దున షిఫ్టుకు దిగి ఉన్నాడు.

"చూడమ్మా, మా పాప నంబర్లు ఎట్ల చదువుతాదో! మీ ఆయన ఇంగా బిళ్ళను తలకిందులుగా పట్టుకుంటాడు."

"మీరేమో పెద్ద చదువరులు! వేలిముద్ర వేసే చెయ్యే కదన్నా మీదీ?" అని అక్క పడీపడీ నవ్వింది.

మధ్యాహ్నం అన్నం తింటుండగా కింద నుంచి ఎవరో నేలను గుద్దినట్టయింది. అటక మీది గిన్నెలు రాలిపడ్డాయి. "లోపల బండ పగిలింది" అని చిన్నాయన చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తాడు. అన్ని ఇళ్ళల్లోంచీ ఆడవాళ్ళు వచ్చారు. పొయ్యి మీది కుండలు పొయ్యి మీదే ఉన్నాయి. అంతమంది పరిగెత్తుతున్నా ఒక్క అరుపు లేదు. బిళ్ళలు చూసేదాకా అక్కడ ఏడవకూడదు, లోపలున్నవాళ్ళ పేరు ఎత్తకూడదు. అది వాళ్ళ కట్టుబాటు.

చిన్నాయన సాయం చేయడానికి లోపలికి పోయాడు. గుంపులో పక్కింటి అక్క ముందుకు పోలేకపోయింది. చిన్నమ్మ ఆమె భుజాలు గట్టిగా పట్టుకుని నిలబడింది. అక్క నా చెయ్యి పట్టుకుని, "ఆరు వందల పదిహేడు. సందులో దూరి చూసి రా తల్లీ. నువ్వు చదువుకున్నదానివి" అంది.

కాళ్ళ మధ్య దూరి బోర్డు ముందుకు పోయాను. చాలా కొక్కేలు ఖాళీ అయ్యాయి. పదో పన్నెండో బిళ్ళలు మిగిలి ఉన్నాయి. నా కంటికి అన్నీ ఒకటే. పక్కనున్న మనిషిని అడగవచ్చు. అడిగితే నాకు రాదని తెలిసిపోతుంది. ఇంతమందిలో ఆయనదే ఎందుకు మిగులుతుందిలే అనుకున్నాను. వెనక్కి వచ్చి "లేదక్కా" అన్నాను.

ఆమె నన్ను పొట్టకు అదుముకుంది. ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించి, ఆయన స్నానానికి నీళ్ళు పెట్టింది. బెల్లం ముక్క తెచ్చి తన చేత్తో నా నోట్లో పెట్టింది. నేను తిన్నాను.

పొద్దు వాలుతుండగా చిన్నాయన వచ్చాడు. ఒళ్ళంతా దుమ్ము. అక్క ఇంటి ముందు ఆగి, కాగుతున్న నీళ్ళు చూసి, "ఎవరికమ్మా ఇవి?" అన్నాడు.

"మీ తమ్ముడికే అన్నా. యాడుండాడు, ఇంగా రాలేదే? బిళ్ళ లేదని మీ పాపే చూసొచ్చి చెప్పింది."

చిన్నాయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయనకు అంతా అర్థమైపోయింది. నాకూ అక్కకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. తర్వాత, "దిగేముందు బోర్డు దగ్గర పాప కనిపిస్తే ఆ మాట నేనే చెప్పమన్నానమ్మా" అన్నాడు. "ఆ గుంపులో నువ్వు పడిపోతావని. బిళ్ళ అట్లే ఉండాది. వాడు లోపలే ఉండాడు. తప్పు నాది."

అక్క చేతిలో చెంబు ఆయన మీదికి విసిరింది. "నీళ్ళు కాచుకుంటా కూర్చున్నానే! నువ్వు మనిషివేనా?" అంది. ఆయన నుదుటి మీద కారే నెత్తురు తుడుచుకోకుండా నిలబడ్డాడు. మరునాడు తెల్లవారాక శవాన్ని పైకి తెచ్చారు. మధ్యనున్నది ఒకటే గోడ. ఆమె ఏడుపులో మా చిన్నాయన పేరు కూడా వినిపిస్తూనే ఉంది.

ఆ ఆదివారమే చిన్నాయన నన్ను బస్సు ఎక్కించడానికి వచ్చాడు. చిన్నమ్మకు కూడా నిజం చెప్పలేదు.

"బడికి ఎన్నాళ్ళు పోయినావు?" అని అడిగాడు.

"ఎప్పుడూ పోలేదు."

కొడతాడనుకున్నాను. నా జడ సర్ది, "రాదంటే నవ్వుతారని భయపడినావు. నవ్వితే నవ్వనీ పాపా. రాదని చెప్పు" అన్నాడు. బస్సు రాగానే నన్ను ఎక్కించాడు.

అక్క తర్వాత ఎప్పుడూ ఆయనతో మాట్లాడలేదు. గని మూతపడ్డాక ఆయన చనిపోయినప్పుడు కూడా పక్కింటి నుంచి గడప దాటి రాలేదు. శవం దగ్గర నేనూ ఉన్నాను. అప్పటికి నాకు నలభై దాటాయి. పది అడుగులు వేసి ఆమెకు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

యాభై దాటాక మా ఊళ్ళో పెద్దవాళ్ళకు పెట్టిన బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు ఆడవాళ్ళు ఆసుపత్రి కాగితాలు తెచ్చి చదవమంటారు. అర్థం కాని చోట ఆగి, ఇది నాకు రాదు అంటాను. వాళ్ళు నవ్వుతారు.

మొన్న ఒక ఆదివారం మా మనవరాలు పాత గనుల ఊరు చూడాలని నన్ను వెంటబెట్టుకుని పోయింది. బెంగుళూరు నుంచి వచ్చిన పిల్లలు కూలిన గోడలకు ఫోటోలు తీసుకుంటున్నారు. ఆ వరసలోనే, అదే గుమ్మంలో అక్క కూర్చుని ఉంది. ఎనభై దాటింది, చూపు మందగించింది. "ఎవరది?" అంది. నేను ఆగకుండా ముందుకు నడిచిపోయాను.

ఇంటికి వచ్చి ఆమెకు ఉత్తరం రాశాను. మూడు రోజులు పట్టింది. బోర్డు ముందు నిలబడింది నేను, చదవడం రానిది నాకు, ఆయన నా మీద పడాల్సింది తన మీద వేసుకున్నాడు అని రాశాను. ఆమెకు చదువు రాదు. ఆమె మనవడు కోలారు దగ్గరి నరసాపురంలో ఫ్యాక్టరీ పని చేస్తాడు, వారానికొకసారి ఇంటికి వస్తాడని విన్నాను. వాడు చదివి వినిపించాలి.

ఉత్తరం పోస్టు చేసి రెండు నెలలయింది. ఆమె తిట్టి రాయించినా సరే, చేతిలోకి తీసుకుని చదువుకుంటాను. టపా వచ్చే వేళకు రోజూ వాకిట్లో కూర్చుంటున్నాను.