జీనా దగ్గర ఉన్నాను

అనాటమీ హాల్లో పొద్దంతా శవాల మధ్య నిలబడి, బయటికొచ్చి చేతులు కడుక్కుని భోజనం చేసినదాన్ని నేను. దయ్యాలు, ఆత్మలు అని హాస్టల్లో ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పటికీ అంతే. ఇక్కడ రాస్తున్నది జరిగింది కాబట్టి రాస్తున్నాను.

నేను ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ చదివాను. మొదట హాస్టల్, తర్వాత నీనా అత్త ఇంట్లో ఒక గది. తోత్యా నీనా అని పిలిచేదాన్ని, వాళ్ళ భాషలో తోత్యా అంటే అత్త. శ్రీవల్లి అనడం ఆమెకి నోరు తిరగక నన్ను వాల్యా అనేది.

అక్కడ రోజులు మామూలుగానే గడిచేవి. ట్రాలీబస్సులో జనం కాసేపు నా వంక చూసి, మళ్ళీ కిటికీలోంచి చూసేవారు. బజారులో కొత్తిమీర అమ్మే ఆవిడ నన్ను చూడగానే రెండు కట్టలు తీసి పెట్టేది. పోపు ఘాటుకి నీనా అత్త వంటింటి కిటికీ తెరిచి నన్ను తిట్టేది. జలుబు చేస్తే మాత్రం, ఆ ఎర్ర నీళ్ళు కాయవా అని చారు అడిగేది. టోపీ లేకుండా గుమ్మం దాటనిచ్చేది కాదు.

యుద్ధం మొదలయ్యాక రైల్లో నిలబడి సరిహద్దు దాటాను. మిగతా చదువు వేరే దేశంలో పూర్తి చేసి, పెళ్ళై అమెరికాలోని ఆష్‌బర్న్ వచ్చాను. మా ఆయన కిరణ్ డేటా సెంటర్‌లో పని చేస్తాడు. నేను లైసెన్స్ పరీక్షలకి చదువుకుంటూ, పగటిపూట వృద్ధుల్ని చూసుకునే ఒక సెంటర్‌లో పనికి చేరాను.

నీనా అత్త మాత్రం ఊరు వదల్లేదు. ఫోన్లో మాట్లాడేది. పోయిన చలికాలం వాళ్ళ వీధి మీద బాంబు పడిందని వార్తల్లో చూశాను. ఆ రోజు నుంచి ఆమె ఫోన్ మోగలేదు. సెల్‌కి చేశాను, ఇంటి ఫోన్‌కి చేశాను. వారాలు గడిచాయి. మొదట్లో ఏడ్చాను. తర్వాత ఏడుపు కూడా రాలేదు. పొద్దున్నే లేచి కాఫీ పెట్టడం, నంబర్ నొక్కడం, కారు తీయడం, అంతే.

మా సెంటర్‌కి వేరా అనే ముసలావిడ వచ్చేది. ఉక్రెయిన్‌లోని ఒడెసా నుంచి కొడుకు తీసుకొచ్చాడు. స్ట్రోక్ వచ్చాక అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదని చేర్చిన రోజే చెప్పాడు. నేను రష్యన్‌లో పలకరించినా నా వంక చూసేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడకి ఆపిల్ గుజ్జు తినిపిస్తున్నాను. పక్క కుర్చీలో ఇంకొకరికి మా నర్సు డెనీస్ తినిపిస్తోంది. వేరా నా మణికట్టు పట్టుకుంది.

"వాల్యా, ఆ ఇంటికి ఫోన్ చెయ్యకు. కిటికీ అద్దాలన్నీ పోయాయి. నేను జీనా దగ్గర ఉన్నాను. పొయ్యి బాగానే ఉంది."

రష్యన్‌లో, తడబాటు లేకుండా అంది. గొంతు నీనా అత్తది కాదు. మాట తీరు ఆమెదే. తర్వాత చెయ్యి వదిలేసి, మళ్ళీ గోడ వైపు చూసింది.

"ఆవిడ మాట్లాడిందా ఇప్పుడు?" అంది డెనీస్. "ఏమంది? జీనా ఏంటి?"

నాకేమీ అనిపించలేదు. భయం లేదు, సంతోషం లేదు. గిన్నెలో మిగిలింది కూడా తినిపించి, మూతి తుడిచాను.

జీనా అంటే నీనా అత్త ఆడపడుచు. పల్లెలో ఉంటుంది. ఒకసారి బంగాళాదుంపలు తవ్వడానికి నేనూ వెళ్ళాను. వేరాకి గానీ, వాళ్ళ అబ్బాయికి గానీ ఈ సంగతి తెలిసే దారి లేదు. నా బ్యాడ్జి మీద శ్రీవల్లి అనే ఉంటుంది. అది చదివి వాల్యా అనుకుందేమో. మరి జీనా?

డ్యూటీ అయ్యాక పార్కింగ్‌లో కారులో కూర్చుని ఆ రోజుల్లో రాసుకున్న నంబర్ అప్పుడే గుర్తొచ్చి, పాత నంబర్లలో వెతికి జీనాకి చేశాను. ఆమె ఎత్తి, నా గొంతు విని, ఫోన్ పక్కకి ఇచ్చింది.

"నేనిక్కడున్నానని నీకెవరు చెప్పారే?" అంది నీనా అత్త.

ఎవరో తెలిసినవాళ్ళన్నాను. సెల్ ఫోన్ శిథిలాల కింద పోయిందట, నంబర్లన్నీ అందులోనే ఉన్నాయట. "అద్దాలు ఒక్కటీ మిగల్లేదు. ఇక్కడ పొయ్యి మాత్రం బాగానే ఉంది," అంది. నా తిండి గురించి, ఇక్కడి చలి గురించి అడిగింది. పెట్టేసే ముందు మామూలుగా అంది:

"ఆ ముసల్దానికి నెమ్మదిగా పెట్టు. కుడివైపు పెట్టు. ఎడమ వైపు మింగలేకపోతోంది."

నేను ఏ ముసలావిడ గురించీ చెప్పలేదు. అసలు ఈ పనిలో చేరానని కూడా ఆమెకి చెప్పలేదు, పరీక్షలకి చదువుతున్నాననే చెప్పేదాన్ని. అడిగేలోపు లైన్ కట్ అయింది.

రాత్రి కిరణ్‌కి చెప్పాను. "నువ్వు రోజూ అదే థింక్ చేస్తున్నావ్ వల్లీ. వేరా ఏదో అని ఉంటుంది, నీకలా వినబడింది," అన్నాడు. డెనీస్ కూడా జీనా అనే పేరు విందని చెప్పాను. "సరే, ఆవిడ సేఫ్‌గా ఉంది కదా, అది చాలు," అన్నాడు.

వేరాకి తినేటప్పుడు దగ్గు రావడం మేమంతా చూశాం. జలుబనుకున్నాం. మర్నాడు నేను అడిగితే స్పీచ్ థెరపిస్ట్ వచ్చి పరీక్ష చేసింది. గొంతు ఎడమ పక్క కండరాలు పని చేయడం లేదంది. ఇన్నాళ్ళు ఊపిరితిత్తుల్లోకి తిండి పోకుండా ఎలా బతికిందో అని ఆశ్చర్యపోయింది. నీకెలా అనుమానం వచ్చిందని నన్ను అడిగింది. చూస్తే తెలిసిందన్నాను.

వేరా మళ్ళీ మాట్లాడలేదు. ఎండాకాలంలో కొడుక్కి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వస్తే తనతో తీసుకెళ్ళిపోయాడు.

నీనా అత్తని ఒకసారి అడిగాను, ఆ రోజు ఎవరికి తినిపించమన్నారని. "నేనలా అన్నానా?" అంది. నిజంగానే గుర్తులేనట్టుంది. నేను మళ్ళీ అడగలేదు.

నేను చదివింది వైద్యం. జరిగింది ఇది. ఈ రెండూ ఎలా కలుస్తాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆదివారాలు నీనా అత్తకి ఫోన్ చేస్తాను. జీనా ఆవు ఈనిందని, కరెంటు పోయి వచ్చిందని చెబుతుంది. వింటూ ఉంటాను.