మా బావ సగంలో మింగేసిన మాట

మా బావ త్రినాధరావుకి విశాఖ ఎయిర్‌పోర్టులో ఉద్యోగమంటే మా గవరపాలెంలో సగంమంది ఆయనే విమానం తోలతాడనుకునేవారు. తోలడమా, నా మొహమా! దిగిన విమానం పక్కన కాగితాలు పట్టుకుని నిలబడే గుమాస్తా ఆయన. సొంత విమానాలున్న షావుకార్లు దేశం దాటి వెళ్లాలన్నా, తిరిగి రావాలన్నా, వాళ్ల తరఫున ఢిల్లీ అనుమతి, రన్‌వే నేవీది గనక వాళ్ల ఒప్పుదల, ఎక్కినవాళ్ల పేర్ల పట్టిక అన్నీ సిద్ధం చెయ్యాలి. పరాయి దేశం నుంచి వచ్చే విమానం కస్టమ్స్ వాళ్లున్న చోటే దిగాలి. ఆ రోజుల్లో విశాఖలో ఆ అధికారులు రోజూ కూర్చునేవారు కాదు, ముందే అర్జీ పెట్టి పిలిపించుకోవాలి.

"సొంత కారయితే తాళం తిప్పి పోవొచ్చు బావా. సొంత విమానానికి ముందు కాగితం ఎగరాల" అనేవాడు నాతో.

పనిలో పులి, మాటలో పిల్లి. మా చెల్లెలు సూర్యకళ కూరలో ఉప్పు రెండుసార్లు వేసినా "బానే ఉంది" అని నీళ్లు తాగేవాడు. ఎదుటివాడి మొహం చిన్నబోతుందంటే ఉన్న మాట కూడా అనలేడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు గాని, నాకు మాత్రం ఆయన్ని పట్టుకుని గట్టిగా కుదిపెయ్యాలనిపించేది.

2006 వానాకాలంలో మా వీధి చివరింటి తలుపులమ్మ ఏడుస్తూ వచ్చింది. ఆమె భర్త సత్తియ్య వెల్డరు. అచ్యుతాపురం ఫ్యాక్టరీ యజమాని రాజేంద్రప్రసాద్ గారు కొలంబోలో కడుతున్న షెడ్డు మీద పని చేస్తూ పడిపోయాడు. తలకి దెబ్బ. ఇక తీసుకుపోవచ్చునన్నారట అక్కడి డాక్టర్లు. ఆ మాటకి అర్థం ఏమిటో అందరికీ తెలుసు.

"బతికిత్తారని అడగను బాబూ. ఊపిరుండగా ఒక్కపాలి ఆ మొగం సూపించండి" అంది మా బావతో.

రాజేంద్రప్రసాద్ గారికి ఆరుసీట్ల విమానం ఉంది. ఆయనే నడుపుతారు. సీట్లు పీకించి స్ట్రెచరు వేయించారు. తోడు రావడానికి అక్కడే పని చేస్తున్న సత్తియ్య తమ్ముడు బంగారయ్య ఉన్నాడు. మా బావ తిండీ నిద్రా మాని ఢిల్లీకి ఫ్యాక్సులు, కస్టమ్స్‌కి అర్జీలు పెట్టాడు. అనుమతి నంబరు రాగానే తలుపులమ్మ ఇంటి గుమ్మంలోనే నిలబడి, ఆమె వింటుండగా బంగారయ్యకి ఫోను చేశాడు.

"పాస్‌పోర్టులు జేబులో ఎట్టుకో. మందులుంటే చీటీ కూడా ఉండాల, లేపోతే కస్టమ్సోళ్లు ఆపేత్తారు. ఇంకోటి బంగారయ్యా, ఒకేల దారిలో..."

"వొద్దు బాబూ!" తలుపులమ్మ రెండు చెవులూ మూసుకుంది. "బయల్దేరతన్నప్పుడు ఆ మాట తేకు. తథాస్తు దేవతలుంటారు."

మా బావ ఆగిపోయాడు. "సరే, జాగర్తగా రండి" అని ఫోను పెట్టేశాడు.

ఎయిర్‌పోర్టుకి నేను బెల్లం తోలే వ్యానులోనే వెళ్లాం. తలుపులమ్మ నా పక్కన కూచుని దారంతా మెడలో పుస్తెల్ని గుప్పిట్లో పట్టుకుంది. లంకెలపాలెం దాటాక వాన మొదలైంది. మా బావ పాసు చూపించి లోపలికెళ్లాడు. మేం అద్దాల తలుపు బయటే ఉండిపోయాం. అంబులెన్సు కూడా సిద్ధంగా ఉంది. విమానం చెప్పిన వేళకే దిగింది.

లోపల జరిగింది తర్వాత మా బావే చెప్పాడు. ఎయిర్‌పోర్టు డాక్టరు విమానం ఎక్కి దుప్పటి తీశాడు. సత్తియ్య కాలి బొటనవేళ్లు రెండూ తువ్వాలు చింపిన పేలికతో కలిపి కట్టి ఉన్నాయి. నుదుటి మీద రూపాయి బిళ్ల ఉంది. సముద్రం మీదుండగా అన్న ఊపిరి ఆగింది. ఇంట్లో మనిషి పోతే చేసేది బంగారయ్య భక్తిగా చేశాడు. ఎవరు కాదంటారు?

"ఈయన పేషెంటు కాదు. ఎక్కడ పోయాడు? ఏ దేశంలో?" అన్నాడు డాక్టరు.

"సముద్రం మీద సార్" అన్నాడు బంగారయ్య.

కట్లు కట్టకుండా, పోయాడని వాళ్లే తేల్చెయ్యకుండా రోగిగా అప్పగిస్తే, అంబులెన్సు తిన్నగా ఆసుపత్రికి పోయేది. అక్కడి డాక్టరు చూసి చెప్పేవాడు. సాయంత్రానికి సత్తియ్య ఇల్లు చేరేవాడు. రోగి దిగడానికి పాస్‌పోర్టు చాలు. శవం దేశంలోకి రావాలంటే మరణపత్రం, శవం చెడకుండా మందు ఎక్కించినట్టు పత్రం, అక్కడి మన ఎంబసీ ఒప్పుదల కావాలి. ఒక్కటీ లేదు. అద్దాల వెనక నుంచి స్ట్రెచరు పక్కదారిన పోవడం చూసి తలుపులమ్మ చేతులతో అద్దాన్ని బాదింది. గార్డు ఆమెను పట్టుకుని పక్కకి లాగాడు.

"నువ్వు చెప్పబోయింది ఇదేనా?" అని అడిగాను మా బావని.

"ఇదే బావా. పోయేడని మీరు తేల్సకండి, డాక్టరికి ఒదిలీండని."

"ఓరి దేవుడా! బయటికొచ్చి ఇంకో ఫోను కొట్టలేకపోయావా?"

"కొట్టేను బావా. హలో అన్నాడు. నాకే నోరు రాలేదు, పెట్టీసేను."

నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆయన వానలో తడుస్తూ అన్నీ విన్నాడు.

పోలీసులు, పోస్ట్‌మార్టం, కొలంబో కాగితం. అక్కడ మొదట ఆదివారం, తర్వాత బౌద్ధుల పున్నమి సెలవట. మా బావ సెలవు పెట్టి ఆ గుమ్మం ఈ గుమ్మం తిరిగాడు. ఆసుపత్రి శవాల గదిలో చల్లదనం సరిపోలేదు. చివరికి మేకులు కొట్టిన పెట్టె ఇచ్చి, తెరవకూడదని చెప్పి, మా బావ చేత సంతకం పెట్టించుకున్నారు.

ఇంటి ముందు పెట్టె దించగానే తలుపులమ్మ దాని మీద పడిపోయింది.

"ఒక్కపాలి సూపించు బాబూ. ఊపిరుండగా అన్నాను, అదెలాగూ నేదు. మొగమైనా సూడనీ."

"తియ్యకు. ఈసారైనా కాదని చెప్పు" అన్నాను చెవిలో.

ఆమె ఆయన కాళ్లు పట్టుకుంది. అంతే, మా బావ లోపలికెళ్లి గునపం తెచ్చాడు. మూత లేచింది. తలుపులమ్మ వంగి చూసింది. ఏడుపు ఠక్కున ఆగిపోయింది. వెనక్కి జరిగి, జరిగి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. మూత నేనే వేశాను.

తర్వాత కూడా మా బావ ఆ ఉద్యోగంలోనే ఉన్నాడు, చెయ్యక ఏం చేస్తాడు? కాని ఆ వీధి చివరకి మళ్లీ వెళ్లలేదు. రైలు స్టేషనుకి చుట్టుతిరిగి పోయేవాడు. ఆమె ఇంట్లో సత్తియ్య ఫొటో ఒక్కటీ లేదని ఎవరో చెబితే, తన దగ్గరున్న పాస్‌పోర్టు నకలు తీసుకుని పోయి, బొమ్మ పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, సూర్యకళ చేత పంపించాడు.

తలుపులమ్మ ఆ పటాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. చీర చెంగుతో అద్దం తుడిచి మళ్లీ చూసింది.

"కళ్లు మూసినా తెరిసినా ఆ పెట్లో మొగమే అవుపిత్తంది సూర్యకళమ్మా" అంది. "నువ్వు సూసి సెప్పు. ఇది మా ఆయనేనా?"