నొప్పులు దాచిన ఇల్లు

మా పక్క ఒక నమ్మకముండాది. కాన్పు నొప్పులు మొదలైనాయని ఎంతమందికి తెలిస్తే బిడ్డ బయటపడేది అంత ఆలస్యమంట. అందుకే తలుపు దగ్గరేసుకుని, ఎవరడిగినా ఏం లేదంటారు. ఆళ్లగడ్డ పక్కన మా ఊర్లో నేను ఆశా కార్యకర్తను. ఈ పిచ్చి మాన్పించేదానికి ఇంటింటికీ తిరిగి నా గొంతు పోయింది. నొప్పి వస్తే మీ మొగునికన్నా ముందు నాకు చెప్పండే అని తిట్టేదాన్ని. ఇన్నారు కూడా. వాకిట్లో పేడనీళ్లు చల్లేటోళ్లు బకెట్ ఆడనే పెట్టి నాకు ఫోన్ చేసేవాళ్లు.

ఇననిది మా ఇల్లే. పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దోళ్లు ఊరికే అన్లేదు.

నన్నిచ్చింది అదే ఊర్లో. మా అమ్మోళ్ల ఇల్లు పక్క వీధే. నా తమ్ముని పెండ్లానికి మొదటి కాన్పు ఆపరేషన్ చేసినారు. రెండోసారి నెలలు నిండినాయి. పాత కుట్టు ఉండాది కాబట్టి నొప్పి తగలంగానే ఆసుపత్రికి పోవల్ల, లేకుంటే గర్భసంచి పగుల్తాది, తల్లికీ బిడ్డకూ గండమేనని మా అమ్మను, ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పినా. మరదలు నా చెయ్యి పట్టుకుని, "నీకు చెప్పకుండా ఇంకెవరికి చెప్తా వదినా" అన్నాది. నాకు చెల్లెండ్లు లేరు. ఆ మాటకే మురిసిపోయినా, ఎర్రిదాన్ని.

ఆ పొద్దు బిడ్డల టీకాలకు పోతా దోవలో మా అమ్మోళ్లింటికి పోయినా. పిల్ల ఎట్లుండాదని అడిగితే, రాత్రంతా నిద్ర లేదు, ఇప్పుడే కన్నంటుకునింది, లేపొద్దనింది మా అమ్మ. టీ ఇచ్చింది. వసారాలో కూర్చొని తాగినా. శనగ పంట గురించి, ఎండల గురించి మాట్లాడుకున్నాం. లోపలి తలుపు వేసే ఉండాది. నేను లేచి టీకాల కాడికి పోయినా.

మధ్యాన్నం తమ్ముడు ఫోన్లో ఏడుస్తాండాడు. ఉరికి పోయి చూస్తే ఆ పిల్ల తెల్లగా పాలిపోయి, చెమటతో తడిసిపోయి ఉండాది. 108 పిలిపించినా. ఆళ్లగడ్డలో డాక్టరమ్మ చూసీ చూడంగానే నంద్యాలకు పంపించింది. దోవ పొడుగునా ఆ పిల్ల తల నా ఒళ్లోనే. నంద్యాలలో తల్లిని బతికించినారు. గర్భసంచి తీసేసినారు. మగబిడ్డ, లోపలే పోయినాడు. నేనే గుడ్డలో చుట్టి తమ్ముని చేతికిచ్చినా.

ఎందుకు దాచినావని మా అమ్మను నిలదీస్తే, నీకు తెలిస్తే ఊరందరికీ తెలిసినట్లే గదా అనింది. కన్నతల్లి కాకపోయింటే ఆ పొద్దు ఏం చేసుందునో నాకే తెలీదు.

మరుసటి రోజు మరదలికి తెలివొచ్చింది. మా అమ్మ చేసినదానికి నేను ఆ పిల్ల చేతులు పట్టుకుని ఏడ్చినా. ఆ పిల్ల మెల్లగా చేతులు తీసుకునింది.

"నేనే చెప్పొద్దన్నా వదినా. నీకు తెలిస్తే మళ్లా ఆపరేషన్ కోతకు తీసకపోతావని. నువ్వు టీ తాగుతాంటే నీ గొంతు ఇనపడింది. అరుపు రాకుండా పైట నోట్లో కుక్కుకున్నా."

ఊర్లో వాళ్లంతా నమ్మినారు నన్ను. నా అనుకున్న ఈ పిల్ల గోడ అవతల చావుతో పోట్లాడుతా నన్ను సాగనంపింది. పచ్చి బాలింత, తిట్టేదానికి కూడా లేకపోయె.

సాయంత్రం సంజామల నుంచి ఆ పిల్ల పుట్టింటోళ్లు వచ్చినారు. మా అమ్మ మంచం కాడ కూర్చొని ముక్కు చీదుతా వాళ్లతో, "ఇంట్లోనే ఆశా ఉండాది, ఏం లాభం? బిడ్డను దక్కించలేకపోయింది" అనింది.

నేను మరదలి మొగం చూసినా. మేలుకునే ఉండాది. ఒక్క మాట చెప్తాదేమోనని చూసినా. వాళ్లమ్మ నా పక్క తిరిగి, ఆ పొద్దు నువ్వు యాడికి పోయింటివని అడిగింది.

మరదలు కండ్లు మూసుకునింది.