ఎలీషమ్మ కడిగిన తొట్టి

మేడ్చల్‌ పారిశ్రామికవాడలో, రేకుల షెడ్డులో నడిచే చిన్న ఖనిజ పరీక్షశాలకు ఎలీషమ్మ ఊడ్చే పనికి వచ్చింది. పదకొండేళ్లలో చీపురు పోయి చేతికి నురగ గీసే పలక వచ్చింది. గనుల దగ్గర బొగ్గు కడిగిన నీళ్లలో పిండిలాంటి బొగ్గు, బంకమట్టి కలిసి కొట్టుకుపోతుంటాయి. ఆ నల్లనీళ్లు డబ్బాల్లో ఇక్కడికి వస్తాయి. వాటిని గాజు తొట్టిలో పోసి, కాసిని డీజిలు చుక్కలు, కాస్త నురగనూనె వేసి గాలి వదిలితే బొగ్గు బుడగలను కరుచుకుని పైకి తేలుతుంది, మట్టి కిందే ఉండిపోతుంది. ఆ నురగను పళ్లెంలోకి గీసేది ఎలీషమ్మ. ఎండబెట్టి, తూచి, ఎంత బొగ్గు దక్కిందో రాసేది ఇంజనీరు హేమచంద్‌. పేరు ఆయనది, భుజం నొప్పి ఆమెది.

బుధవారం మధ్యాహ్నం హేమచంద్‌ ఫోను పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"ఏమ్మా, నీ సోమవారం నురగ అదిరిపోయింది! డెబ్బై రెండు శాతం! వీడియో పంపాను. బొగ్గు ప్లాంటు ఓనరు చలపతిరావు గారు రేపు పదింటికి స్వయంగా వస్తున్నారు. ఆయన ముందు మళ్లీ చేసి చూపించాలి."

"మంచిది సార్‌" అంది ఎలీషమ్మ. అన్న మరుక్షణం సోమవారం తొట్టి ఎలా కడిగిందో గుర్తొచ్చింది.

సోమవారం నీళ్ల ట్యాంకరు రాలేదు. డ్రమ్ము అడుగున రెండు చెంబుల నీళ్లు. తొట్టికేమో అంతకుముందు పరీక్ష తాలూకు జిడ్డు. ఇంట్లో గిన్నెలు తోమినట్టే అంట్ల సబ్బుతో తోమి, ఒక్క చెంబుతో తొలిపి, గుడ్డతో తుడిచేసింది. తొట్టికి సబ్బు తగలకూడదని గోడమీద ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ ముక్క ఆమెకు నోటికి వచ్చు కూడా. ఆ రోజు పొంగిన నురగలో సగం సబ్బుది. దాంతోపాటు మట్టి కూడా పైకొచ్చి తూకం పెంచింది. రేపు శుభ్రమైన తొట్టిలో ఆ పొంగు రాదు. ఎందుకు రాలేదని అడుగుతారు. పలక పోతుంది, పనే పోతుంది.

షేరాటోలో శామీర్‌పేట మీదుగా అలియాబాద్‌లో ఇల్లు చేరింది. కూతురు రెబెక్కా అన్నం పెడుతూ అడిగింది.

"ఏందే అమ్మా, గట్లున్నవ్‌?"

చెప్పింది.

"సారుకు చెప్పరాదు?"

"చెప్తే రేపే ఇంటికి పొమ్మంటడు. ఇంకెవలిస్తరే నాకు పలక? మళ్ల చీపురే."

"అయితే మళ్ల సబ్బు రుద్దు, మస్తు పొంగుతది" అని నవ్వింది రెబెక్కా. తల్లి నవ్వలేదు.

ఆ రాత్రి ప్రార్థన కూటంలో చెప్పుకుంటే, అంతా దేవుడు చూసుకుంటాడన్నారు. అనడానికి ఎవరికీ ఏమీ ఖర్చు కాదు. పదింటికి తొట్టి ముందు నిలబడాల్సింది మాత్రం ఎలీషమ్మ.

గురువారం ఆమె టిఫిన్‌ సంచిలో, కవరులో చుట్టిన సబ్బుముక్క ఉంది. అందరికంటే ముందే వచ్చి, ముక్కను తడిపి తొట్టి లోపలి అంచున ఒక్క వేలితో రాసింది. గేటు బయట హారన్‌ మోగింది. వచ్చింది పాలవ్యానే, కానీ ఆమె ఆగి చూడలేదు. గబగబా కడిగేసింది. వాసన చూసింది. మళ్లీ కడిగింది. ఎంత కడిగినా వాసన ఉన్నట్టే ఉంది. ఏడోసారికి వేళ్లు ముడతలు పడ్డాయి. దీన్ని నిజాయితీ అనుకుంటే పొరపాటు. మోసం చెయ్యాలనే వచ్చింది, భయం చెయ్యనివ్వలేదు.

చలపతిరావు కుర్చీ వేసినా కూర్చోలేదు. అరవై దాటిన మనిషి, తొట్టి మీదికి వంగి నిలబడ్డాడు. గాలి వదిలారు. నల్లటి సన్నబుడగలు వచ్చాయి. ఎలీషమ్మ గీస్తోంది. పళ్లెంలో పడ్డ నురగ పడ్డట్టే చితికిపోతోంది. సోమవారం పొంగులో సగమైనా లేదు. హేమచంద్‌ చెయ్యి గాలి మీట మీదికి పోయింది.

"గాలి కొంచెం పెంచమంటారా సార్‌?"

"అక్కర్లేదు." చలపతిరావు పళ్లెంలో వేలు ముంచి చూశాడు. "బొగ్గు నురగ ఇలాగే చావాలయ్యా. మీ వీడియోలోది పళ్లెంలో పడ్డాక కూడా గడ్డం గీసుకునే నురగలా నిలబడింది. అదేంటో చూద్దామనే వచ్చాను. ఇవాళా అదే వచ్చుంటే కారెక్కి వెళ్లిపోయేవాణ్ణి." ఎలీషమ్మ వైపు తిరిగాడు. "సోమవారం దేంతో కడిగావమ్మా?"

ఎలీషమ్మ పలక కింద పెట్టింది.

"సబ్బు సార్‌. ట్యాంకర్‌ రాలె. మంచిగ తొలపలె."

"నాకు చెప్పాలా వద్దా?" హేమచంద్‌ గొంతు కీచుగా లేచింది.

"బుగులైంది సార్‌."

చలపతిరావు వేలు తుడుచుకున్నాడు. "ఇవాళ ఎంతొస్తే అంతే రాయండి" అన్నాడు. ఎండబెట్టి తూచితే యాభై ఎనిమిది శాతం వచ్చింది. ఆ అంకెకు తగ్గట్టు చిన్న ప్లాంటే కడతానని చెప్పి వెళ్లాడు.

హేమచంద్‌ నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఇవాళ పొమ్మంటాడు, రేపు పొమ్మంటాడు అని ఎలీషమ్మ రోజూ టిఫిన్‌ తెరవకుండానే ఇంటికి తీసుకుపోయింది. ఐదో రోజు ఆయన గోడకు ఒక కాగితం అంటించాడు, ఈసారి తెలుగులో: "ముందు ఉత్తనీళ్లు పోసి గాలి వదలాలి. ఒక్క బుడగ నిలిచినా మళ్లీ కడగాలి." పలకను ఆమె ముందు పెట్టి తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఇప్పటికీ రోజూ పొద్దున్నే ఎలీషమ్మ ఉత్తనీళ్లు పోసి, గాలి వదిలి, ఆపి, తొట్టి మీదికి వంగుతుంది. అంచున ఒక బుడగ ఎప్పుడూ కాసేపు ఆగుతుంది. అది పగిలేదాకా ఆమె ఊపిరి తీసుకోదు.